ముఖాలు చదివే కళ్ళజోడు

కాలిఫోర్నియాలో మన తెలుగువారు కాపురముండే సన్నీవేల్ నుంచి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఎంతో దూరం లేదు. రైలెక్కి పాలో ఆల్టోలో దిగితే చాలు. ఖర్జూరపు చెట్లు బారులు తీరిన రాజమార్గం ఎదురవుతుంది. దాని చివర ఇసుకరాతి వరండాలు, ఎర్రపెంకుల కప్పులు. 1884లో పదిహేనేళ్ళ ఒక్కగానొక్క కొడుకు టైఫాయిడ్‌తో పోతే, స్టాన్‌ఫర్డ్ దంపతులు అతని పేరిట కట్టించిన చదువులగుడి యిది. 1891లో తలుపులు తెరిచారు.

బిడ్డలకోసం తపించడం యీ చోటి మట్టిలోనే వున్నది కాబోలు! ఆటిజం గల పిల్లలకోసం ఒక వింత కళ్ళజోడు సిద్ధమైనది కూడా యిక్కడే.

ఎదుటివారు నవ్వుతున్నారో, విసుక్కుంటున్నారో ముఖం చూసి మనం యిట్టే పోల్చుకుంటాం. ఆటిజం గలవారిలో చాలామందికి అది పరాయి లిపి. డెన్నిస్ వాల్ అనే ఆచార్యుడూ, క్యాటలిన్ వాస్ అనే విద్యార్థీ, వారి సహచరులూ కలిసి గూగుల్ గ్లాసుకు ఆ లిపి నేర్పారు. జోడులోని కెమేరా ఎదుటి ముఖాన్ని పట్టుకుంటుంది. ఫోను దాన్ని పరిశీలించి, సంతోషమో కోపమో తేల్చి, కుడికంటి పైఅంచున ఒక చిన్న బొమ్మముఖం చూపిస్తుంది. అమ్మనో నాన్ననో నవ్వించి ఆ నవ్వును పట్టుకోవడం ఒక ఆట. ఆరేళ్ళనుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలు 71 మందిని రెండు జట్లు చేసి పరీక్షించారు. ఒక జట్టు వారానికి నాలుగుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు, ఆరు వారాలపాటు జోడు పెట్టుకోవాలి. ఆ జట్టు పిల్లలు నలుగురిలో మెలగడంలో కొంత ముందడుగు వేశారని 2019లో ప్రకటించారు.

ఆ పిల్లల్లో పెద్దవాళ్ళు ఇప్పుడు వోటుహక్కు గల యువకులు. జోడు మాత్రం అంగడిలో లేదు. 2023లో గూగుల్ దాని అమ్మకం ఆపేసింది.

ఉద్యోగాల వయసు వచ్చినవానికి ఎదుటి ముఖంలో కోపం వున్నదని తెలిస్తే సరిపోతుందా? భోజనం వేళ పక్క కుర్చీ చూపించేవారు కావాలి. మాట తడుముకుంటే కాస్త ఆగేవారు కావాలి. కళ్ళలోకి చూడకపోతే పొగరనుకోనివారు కావాలి. అర్థం చేసుకోలేకపోవడం ఇరుపక్కలా వున్నదని, తానూ ఆటిజం గల బ్రిటిష్ పండితుడు డామియన్ మిల్టన్ 2012లో వాదించాడు. స్టాన్‌ఫర్డ్‌లోనే డాక్టర్ లారెన్స్ ఫంగ్ నడిపించే కార్యక్రమం యీ దారినే పట్టింది. ఆటిజం గలవారికి ఉద్యోగాల్లో కుదురుకునేందుకు సాయం చేస్తూ, వారి పైఅధికారులకూ పాఠం చెబుతుంది.

తిరుగు రైలులో నాకు మన పెళ్ళిపందిళ్ళు గుర్తుకొచ్చాయి. సన్నాయికి చెవులు మూసుకుని మూల కూర్చున్న పాతికేళ్ళ మేనల్లుణ్ణి చూసి, "వీడికి మర్యాద తెలీదమ్మా!" అనేస్తాం. ఆ పూట కళ్ళజోడు కావలసింది ఆ అబ్బాయికా, మనకా?