సెంటు ధర ఎవరు తేలుస్తారు?

అమలాపురం చుట్టుపక్కల సెంటు ఎంతో బ్రోకరు చెప్తాడు గానీ, సగం తేల్చేది కువైట్ దినారే. రూపాయి పడిపోతోందని టీవీలో గగ్గోలు పెడుతుంటే, గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంట్లో అదే జీతానికి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. అవి ఎటు పోతాయి? బంగారం కొనగా మిగిలినవి ఊళ్లో స్థలం మీదకే.

రొయ్యది దీనికి రివర్సు. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయ్యేసరికి, ఇక్కడ చెరువు గట్టు మీదే కౌంటు ధర కోసేశారు. రొయ్య రైతు చేతిలో డబ్బు ఆడకపోతే బయానా ఎవరిస్తారు, లేఅవుట్లో రాళ్లకి రంగులేసుకుని కూర్చోవాల్సిందే.

రాజోలు వైపు ఇంకో గోల. శంకరగుప్తం డ్రెయిన్‌లోకి సముద్రం పోటు ఎక్కి కొబ్బరి చెట్లు మొవ్వు ఎండి మోడులైపోయాయి. కాపు లేని తోట ఎప్పటికైనా ప్లాట్లకే పనికొస్తుందని కొందరి ఆశ. తాగడానికి నీళ్లేవండీ బాబూ? అందుకే తెలిసినవాడు డాక్యుమెంట్లకంటే ముందు బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూస్తున్నాడు. తర్వాత అడిగేది, 2022 జులై వరద ఎందాకా వచ్చిందని.

"మెరక చేసేశామండీ" అంటారు. ఆ మెరక కింద మూసేసిన బోదె నీళ్లు ఎవరి చేలో పడతాయో మాత్రం బ్రోచర్లో వేయరు.