మిసిసిపీ దాటి, టీచరమ్మ ఊరికి

అక్టోబరులో ఇల్లినాయ్ నుంచి పడమరగా వెళ్తే దారంతా మొక్కజొన్నే. ఎండి కోతకొచ్చిన చేలు, వాటి మధ్య దుమ్ము లేపుకుంటూ తిరిగే కంబైన్లు. నేపర్‌విల్‌లో పొద్దున్నే బయల్దేరి 88వ నంబరు రోడ్డు పట్టుకున్నాం. మావాడు కారు నడుపుతున్నాడు. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా వాడికి స్పీచ్ టీచరుగా ఉన్నావిడ పోయారు. ఆవిడ పుట్టిన ఊరు అయోవాలో ఉంది. సంస్మరణ సభ అక్కడి చర్చిలో పెట్టారు.

అమెరికా వచ్చిన కొత్తలో, పిల్లల మాట సరిచేసే మనిషి బడిలోనే ఉంటారనీ దానికి డబ్బు కట్టక్కర్లేదనీ నాకు తెలియదు. ఇబ్బందులున్న ప్రతి పిల్లవాడికీ ప్రభుత్వ బడే ఉచితంగా తగిన చదువు చెప్పి తీరాలని 1975లో చట్టం వచ్చింది. అది వచ్చిన కొద్ది ఏళ్లకే ఆవిడ ఉద్యోగంలో చేరారు. మొదట అయోవాలో పనిచేసి, పెళ్లయ్యాక మా వైపు వచ్చారు. ఏటా ఐఈపీ (ఒక్కో పిల్లవాడికి విడిగా వేసే చదువు ప్రణాళిక) మీటింగులో పిల్లవాడు ఏం సాధించాలో రాసిన కాగితాలు మా ముందు పెట్టేవారు. సంతకం కంటే ముందు మేం చెప్పేది వినేవారు.

మావాడికి నత్తి మొదలైనప్పుడు ఇంట్లో తెలుగు మానేయమని చాలామంది సలహా ఇచ్చారు. రెండు భాషలతో పిల్లవాడు తికమక పడుతున్నాడని ఒక డాక్టరు కూడా అన్నాడు. ఆవిడ మాత్రం వాడు తెనాలిలో ఉన్న అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడతాడని అడిగారు. రెండు భాషలు నేర్చుకోవడం వల్ల నత్తి రాదనీ, అమ్మమ్మను పోగొట్టుకుంటే మాత్రం వాడికి నష్టమనీ చెప్పారు. ఆ ఒక్క మాటకు ఆవిడకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. వాడు ఇవాళ్టికీ ఆదివారం పూట అమ్మమ్మతో గంటసేపు తెలుగులో మాట్లాడతాడు.

ఈస్ట్ మోలీన్ దగ్గర 80వ నంబరు రోడ్డెక్కి మిసిసిపీ దాటాం. నది అక్కడ విశాలంగా, బురద రంగులో, తొందరేమీ లేనట్టు పోతుంది. అవతలి ఒడ్డు నుంచి అయోవా. సభకు ఇంకా సమయం ఉందని డావెన్‌పోర్ట్ ఊళ్లోకి తిరగమన్నాను. అక్కడ చూడాల్సిన చోటు ఒకటుంది. సివిల్ వార్‌లో తండ్రులు పోయిన పిల్లల కోసం వెలసిన పాత అనాథాశ్రమం అది. ఎర్ర ఇటుకల చిన్న చిన్న ఇళ్లు, మధ్యలో పచ్చిక.

1939లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని ఇక్కడికి వచ్చింది. ఆమె గురువు వెండెల్ జాన్సన్. ఆయనకూ నత్తి ఉండేది. పిల్లలు మామూలుగా తడబడుతుంటే పెద్దలు దానికి నత్తి అని పేరు పెట్టి కంగారు పడతారనీ, ఆ కంగారుకే అది ముదురుతుందనీ ఆయన నమ్మాడు. దాన్ని పరీక్షించడానికి 22 మంది అనాథ పిల్లల్ని తీసుకున్నారు. వాళ్లలో చక్కగా మాట్లాడుతున్న కొందరికి మీకు నత్తి వస్తోంది, జాగ్రత్త అని పదే పదే చెప్పారు. ఆ పిల్లలు నోరు విప్పడానికే జంకారు. ఈ సంగతి 2001లో పత్రికకెక్కాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం బాధితులకు 9,25,000 డాలర్ల పరిహారం ఇచ్చింది. ఆ పచ్చిక మీద నిలబడితే నాకు కోపం వచ్చింది. అమ్మానాన్నలు ఉన్న పిల్లల్నయితే ఇలా చేసేవారా? ఆ ఆవరణలోనే తర్వాత పిల్లల నాటకశాల నడిచిందని తెలిసి కొంత ఊరట పడ్డాను.

మా టీచరమ్మ చదివింది ఆ విశ్వవిద్యాలయంలోనే, జాన్సన్ పేరు పెట్టిన భవనంలోనే. ఆయన సిద్ధాంతం ఎందరు తల్లుల మీద నింద మోపిందో ఆవిడకు బాగా తెలుసు. అందుకే తొలి మీటింగులోనే నాతో, ఇది మీవల్ల వచ్చింది కాదు, మెదడులో మాట తయారయ్యే తీరులోనే దీని మూలం ఉంది అని చెప్పారు. అదే అయోవాలో చదువుకున్న వాన్ రైపర్ అనే ఆయన పద్ధతి మాత్రం ఆవిడ వదల్లేదు. నత్తికి భయపడి మాట మింగేయకుండా, కావాలనే నత్తిగా మాట్లాడి ఆ భయాన్ని అరగదీయడం ఆ పద్ధతి. ఒకసారి మావాడి ముందే పిజ్జా దుకాణానికి ఫోన్ చేసి, ప్రతి మాట దగ్గరా ఆగుతూ, సాగదీస్తూ తానే ఆర్డరిచ్చారట. అవతలివాడు విసుక్కున్నా తొణక్కుండా పూర్తి చేసి, ఫోన్ మావాడి చేతికిచ్చారు.

వాల్కాట్‌లో ఊరంత ట్రక్ స్టాప్ దాటాక రోడ్డు దిగి చేల మధ్య నుంచి వెళ్తే ఆవిడ ఊరు వచ్చింది. తెల్లటి చర్చి, కింద హాలు. బల్లల మీద హామ్ శాండ్‌విచ్‌లు, పెద్ద కాఫీ పాత్ర. పాటలయ్యాక ఆవిడ కొడుకు లేచాడు. వాళ్లింట్లో భోజనాల దగ్గర ఒకటే కట్టుబాటు ఉండేదట. ఒకరి వాక్యాన్ని ఇంకొకరు పూర్తి చేయకూడదు. అన్నం చల్లారినా సరే ఆగాల్సిందే. బడిలో యాభై మంది పిల్లల్ని చూసుకుని వచ్చి, తమ ఈత పోటీల్లో గట్టు మీద కూర్చుని ఐఈపీ కాగితాలు రాసుకునేదనీ, తమ వంతు వచ్చేసరికి మాత్రం కలం పక్కన పెట్టేదనీ కూతురు చెప్పింది. చిన్నప్పుడు ఆ కాగితాల మీద తనకు అసూయగా ఉండేదని కూడా దాచకుండా అంది.

మావాడు పిజ్జా సంగతి చెప్పాడు. రెండు మూడు చోట్ల మాట గట్టిగానే పట్టేసింది. ఎవరూ అందివ్వలేదు. చివర్లో హాలంతా నవ్వింది.

తర్వాత కాఫీ దగ్గర ఓ పెద్దాయన మావాడి భుజం తట్టాడు. రైతు. అయోవాలో ఆవిడ దగ్గరికి వచ్చిన తొలి పిల్లల్లో ఒకడట. ఆయనకూ నత్తి ఉంది. కోతల రోజులైనా తీరిక చేసుకుని వచ్చాడు. వానల గురించి, మొక్కజొన్న ధర గురించి, ఫోన్లంటే పాత భయం గురించి ఇద్దరూ నిలబడే మాట్లాడుకున్నారు. ఒకరికి మాట అడ్డం పడితే రెండోవారు ఆగారు. మావాడికి కంబైన్ ఎక్కి చూడాలని ఉందని తెలిసి ఆయన తన పొలానికి రమ్మన్నాడు. అయోవా సిటీకి వెళ్లి ఆవిడ చదివిన ఆ భవనం కూడా చూద్దామనుకున్నాను. ఇంకోసారి చూడొచ్చులే అనుకుని, ఆయన పికప్ వెనకే మా కారు పోనిచ్చాం.