వరద తర్వాతి పుటలు

5-9-24
నీళ్లు తీశాయి. అరటి తోటలన్నీ నేలబారు. పసుపూ కందా ఇక తవ్వి చూడక్కర్లేదు.

ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరులో 11.10. ఆ వరద నాటి కాగితం ఒక్కటన్నా దొరుకుతుందేమోనని బీరువా అంతా వెతికాను. ఏ డొంక ముందు మునిగింది, ఎవర్ని ఏ బడిలో ఉంచారు, పడవలు ఎటునుంచి వచ్చాయి... ఎవరూ రాయలేదా? రాసింది పోయిందా?

9-9-24
పై అధికారుల నుంచి ఒకటే ప్రశ్న. సహాయం ఆలస్యం ఎవరివల్ల? సంజాయిషీ రాయాలి.

టెలికాన్ఫరెన్సులో ఒకరి పేరు ఇంకొకరు చెప్పారు. వరద రాత్రి నడుంలోతు నీళ్లలో కలిసి తిరిగిన మనుషులే. పొద్దున్నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

16-9-24
హైదరాబాద్ నుంచి తమ్ముడి ఫోను. వాళ్ల ఆఫీసులో రెండు వారాలకోసారి 'రెట్రో' అని కూర్చుంటారట. ఏది కుదిరింది, ఏది కుదరలేదు, వచ్చేసారి ఏం మారుద్దాం. తప్పెవరిదని అడగకూడదు. నార్మన్ కెర్త్ అనే ఆయన 2001లో దీని మీద పుస్తకమే రాశాడట. అప్పటికి తెలిసినంతలో అందరూ శక్తికొద్దీ చేశారని ముందు నమ్మాలి. ఆ తర్వాతే మాటలు.

నాన్న విని, "ఇందులో కొత్తేముందే" అన్నారు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో 1980ల మొదట్లోనే క్వాలిటీ సర్కిళ్లు పెట్టారు. మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్లే చిన్న గుంపుగా కూర్చుని, ఏ సమస్య పట్టుకోవాలో వాళ్లే తేల్చుకునేవాళ్లు. "మేం ఎంచుకున్నది కాబట్టి వదిలేవాళ్లం కాదు" అన్నారు. నాన్న గొంతు అంత గట్టిగా విని చాలా కాలమైంది.

29-9-24
తమ్ముడు చెప్పినట్టు మేమూ కూర్చుందామంటే అందరూ వచ్చారు. సెలవు పూట కూడా.

అట్ట మీద పొడుగ్గా గీత గీశాం. ఈ చివర వాన మొదలైన శనివారం, ఆ చివర నీళ్లు తీసిన రోజు. 'ఎవరు' అనొద్దు, 'ఎప్పుడు' అనే చెప్పాలి. చాలాసేపు ఎవరూ నోరెత్తలేదు. చివరికి ఏఎన్‌ఎం లేచింది. "నెలలు నిండినవాళ్ల పేర్లు నా రిజిస్టర్లో ఉన్నాయి. పడవ ఎవరింటికి ముందు వెళ్లాలో ఆ రిజిస్టర్ని ఎవరూ అడగలేదు" అంది. వీఆర్వో గారు తల దించుకుని రాసుకున్నారు. ఆ తర్వాత మాటలు ఆగలేదు.

బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69కి రెండోది. ఆ అంకెలు అందరి ఫోన్లలో ఉన్నాయి. ఏ అంకెకి ఏ వీధి మునుగుతుందో ఏ ఫోన్లోనూ లేదు. అది తెలిసింది పడవ నడిపే బాబాయికి. ఏ మీటింగుకీ ఆయనకి పిలుపు ఉండదు.

30-9-24
బాబాయి వచ్చాడు. కుర్చీ చూపిస్తే గడప దగ్గరే నిలబడ్డాడు. బలవంతాన కూర్చోబెట్టాం.

ముందు ఏ రేవు, తర్వాత ఏ డొంక, ఆఖరికి ఏ మెరక... చెబుతూ పోయాడు. సర్వేయర్ కుర్రాడు మ్యాపు మీద గుర్తులు పెట్టాడు. "2009లో ఇదే వరసమ్మా. 2019లోనూ ఇదే." మరి ప్రతిసారీ మాకెందుకు కొత్త?

14-10-24
తమ్ముడు ఇంకో పేరు చెప్పాడు. క్రిస్టఫర్ అలెగ్జాండర్. ఇళ్లు, ఊళ్లు కట్టడంలో మళ్లీ మళ్లీ వచ్చే చిక్కులకు ఒక్కోదానికి ఒక్కో నమూనా. మొత్తం 253. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ పద్ధతి అక్కడ్నుంచే తెచ్చుకున్నారట. పుస్తకం 1977ది. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు. అమ్మమ్మ ఇప్పటికీ పెళ్లిళ్లూ పురుళ్లూ 'ఉప్పెనకి ముందు', 'ఉప్పెన తర్వాత' అనే చెబుతుంది.

మాకూ అలాంటిది ఒక పుట తయారైంది. చిక్కు, అది వచ్చే సందర్భం, చేయాల్సింది. మొదటి హెచ్చరికకే ఏఎన్‌ఎం రిజిస్టరూ బాబాయి వరసా ఒకచోట పెట్టుకుని కూర్చోవాలి. అంతే. ఇంత చిన్నది.

6-11-24
ఇంకో పుట రాయబోయి ఆగాం. నష్టం రాసిన జాబితాలో కౌలు రైతులు లేరు. పంట నమోదు ఆసామి పేరు మీద. సాగుదారు కార్డుకి ఆసామి సంతకం కావాలి. ఆయన పెట్టడు. ప్రతి వరదకీ ఇదే వరస. చిక్కు రాశాం, సందర్భం రాశాం. మూడోది ఖాళీ.

అగ్రికల్చర్ అసిస్టెంట్ అమ్మాయి ఖాళీగానే ఉంచమంది. కొట్టేయొద్దంది. నిజమే, పైవాళ్లు వచ్చినప్పుడు ఆ ఖాళీయే ముందు చూపించాలి.

24-6-25
బదిలీల్లో నా పేరు ఉంది. సర్వేయర్‌దీ ఉంది.

కాగితాలు కాపీలు తీయించాను. ఒకటి బాబాయికిస్తే, "నాకెందుకమ్మా, నోటికొచ్చేగా" అన్నాడు. మీ తర్వాతో, అన్నాను. తీసుకున్నాడు. "కొత్తగా వచ్చే ఆవిడ మమ్మల్ని పిలుస్తుందంటారా?"

రేపు ఛార్జి ఇవ్వాలి. బీరువా తాళాలు, రిజిస్టర్లు, కంప్యూటరు. ఈ అట్ట కూడా జాబితాలోకి ఎక్కాలి, సంతకం పెట్టి తీసుకోవాలి. ఏ పద్దు కింద రాయను?