గుర్రానికి కుడితి పొయ్యకండి

మా పుట్టింట్లో కూరగాయ తొక్కు పారేస్తే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. దివిసీమ పల్లెటూరు మాది. పెరట్లో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడుగు, గంజి, ఆనపకాయ తొక్కు, వంకాయ ముచ్చికలు, మిగిలిన అన్నం, అన్నీ అందులోకే. సాయంత్రం గేదె వచ్చి మూతి ముంచిందంటే తొట్టి ఖాళీ. ఏదీ వృథా కాలేదన్న తృప్తి ఒకటి, నోరులేని జీవానికి పెట్టామన్న తృప్తి ఇంకొకటి.

బెజవాడ అపార్టుమెంటుకొచ్చాక తొట్టీ లేదు, గేదే లేదు. అలవాటు మాత్రం చేతిని వదల్లేదు. నా ఒక్కదానికే కాదు, మా అపార్టుమెంటులో ముప్పావు వంతు ఆడవాళ్ళం పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. మా సందు చివర కాలువ కట్ట మీద, పెళ్ళి ఊరేగింపులకి గుర్రాలు అద్దెకిచ్చే కుటుంబం ఉంది. రేకుల షెడ్డు, రెండు గుర్రాలు. ఇంకేం, మా తొక్కుల సంచులన్నీ అటే నడిచాయి. నేను ఎక్కువగా క్యారెట్లు పట్టుకెళ్ళేదాన్ని, అదీ మా చిన్నాడు గుర్రాన్ని చూస్తానని పేచీ పెట్టినప్పుడు.

కిందటి మాఘమాసంలో, సరిగ్గా ముహూర్తాలు ముమ్మరంగా ఉన్నప్పుడు, తెల్ల గుర్రం పడిపోయింది. ముందు కాలితో నేలను గీకడం, పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకోవడం, తర్వాత కింద పడి దొర్లడం. రాత్రి పదింటికి డాక్టరుగారొచ్చి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. తెల్లవారేదాకా ఇంటిల్లిపాదీ జాగారమే. బతికింది. ఆ వారంలో ఒప్పుకున్న నాలుగు పెళ్ళిళ్ళూ పోయాయి, తీసుకున్న బయానాలు తిరిగిచ్చుకున్నారు. ఎవరో ఫంక్షన్‌లో మిగిలిన క్యాబేజీ ఆకులు, కాలీఫ్లవర్ కాడలు, పులిహోర కలిపి ఒక గోనెసంచి నిండా షెడ్డు ముందు పోసి వెళ్ళారట.

మర్నాడు పలకరించడానికి వెళ్ళాను. గుర్రాలాయన భార్య అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "వద్దని ఎలా చెప్పమంటావక్కా? మీ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళే కదా మాకు బేరాలు. పుణ్యానికి పెడుతున్నామనే చేతిని కాదంటే మళ్ళీ మమ్మల్ని పిలుస్తారా?" మేమెళ్ళాక సంచులు విప్పి, మంచివి ఏరి, మిగతావి పారబోయడం ఆవిడ రోజూ చేసే పనేనట. ఆ రోజు ఆవిడ ఊళ్ళో లేదు.

మా ఆడపడుచు కూతురు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో చదువుతోంది. ఫోన్ చేసి అడిగాను. "అత్తయ్యా, గేదె కడుపు వేరు, గుర్రం కడుపు వేరు" అంటూ మొదలుపెట్టింది. గేదెకి నాలుగు గదుల పొట్ట, తిన్నది మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తుంది. గుర్రానికి ఉన్నది ఒకటే పొట్ట, దాని ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. అసలు సంగతేంటంటే గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికెళ్ళింది పడకపోతే మనలా కక్కేసే దారి లేదు. గడ్డి అరిగేది వెనక పెద్దపేగులో, అక్కడ పులిసి గ్యాసు పట్టిందంటే శూల. క్యాబేజీ, కాలీఫ్లవర్ చేసేది అదే. అన్నం, పులిహోర ఎక్కువైతే శూలే కాదు, గిట్టల్లో వాపొచ్చి నడవలేకుండా పోతుందట. ఊరేగింపు గుర్రానికి కాళ్ళు పోతే ఇంకేముంది?

ఉల్లి, వెల్లుల్లి మోతాదు మించితే రక్తకణాలు విరిగిపోతాయి. బంగాళాదుంప, టమాటా, వంగ ఒకే కుటుంబం మొక్కలు. వాటి ఆకులూ కాడలూ, పచ్చబడ్డ, మొలకెత్తిన దుంపలూ విషమే. అన్నిటికంటే భయపడాల్సింది బూజు పట్టినవీ, సంచిలో మగ్గి వేడెక్కినవీ. రెండ్రోజులు ఫ్రిజ్ పక్కన మూట కట్టి ఉంచి పట్టుకెళ్తాం చూడండి, అవి.

మరి ఏం పెట్టొచ్చంటే క్యారెట్, కీర దోసకాయ, గుమ్మడికాయ ముక్క, కాస్త బీట్‌రూట్. అదీ చిరుతిండిలా, ఒకటో రెండో. క్యారెట్‌ని మనం కూరకి తరిగినట్టు చక్రాలుగా కొయ్యకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. నిలువుగా పొడుగు ముక్కలు చెయ్యాలి. ముక్కని చాచిన అరచేతిలో పెట్టి అందించాలి, వేళ్ళతో పట్టుకుంటే వేళ్ళు కూడా క్యారెట్లే అనుకుంటుంది!

అసలు తిండి గడ్డే. మూడొందల కిలోల గుర్రానికి రోజుకి అయిదారు కిలోల ఎండుగడ్డి కావాలి. పైన దాణా ఉలవలు, నానబెట్టో ఉడకబెట్టో. మన కృష్ణా జిల్లావాళ్ళకి ఉలవచారు అంటే ప్రాణం కదా. ఎడ్లకీ గుర్రాలకీ ఉడకేసిన ఉలవల కట్టు వార్చుకుని మనవాళ్ళు చారు కాచుకున్నారని పెద్దలు చెప్తారు. ఒకే కుండలో గుగ్గిళ్ళు వాటికి, చారు మనకి. జట్కాల కాలంలో ఏ గుర్రానికి ఏం పెట్టాలో వీధిలో అందరికీ తెలిసుండేది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని సామెత చెప్పుకున్న జాతి మనది. గుర్రాల గురించే మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' అని ఏకంగా ఒక తెలుగు కావ్యం రాశాడు. బి.ఏ.లో ఆ పేరు బట్టీ పట్టాను, ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

ఇదంతా మా అపార్టుమెంటులో చెప్పడమే పెద్ద పని అయింది. మూడో అంతస్తు పిన్నిగారికి డెబ్భై ఏళ్ళు, సంచి ఎప్పుడూ ముందు ఆవిడదే. "నా చేత్తో పెట్టింది తిని ఏ జీవమూ చావలేదమ్మాయ్" అని మొహం ముడుచుకున్నారు. ఆవిడ చేతిని తప్పుపట్టడం నాకూ ఇష్టం లేదు. ఆ చేయి ఎన్ని గేదెల్ని సాకిందో. "పిన్నిగారూ, మీ గేదెకి మేత ఎవరు పడితే వాళ్ళు వేస్తే మీరు ఒప్పుకునేవారా?" అని అడిగాను. "కాళ్ళు విరగ్గొట్టేదాన్ని" అన్నారు. కాసేపాగి, తనే నవ్వారు.

గుర్రాలావిడ పేరు నేనెక్కడా ఎత్తలేదు. డాక్టర్లు చెప్పారనే చెప్పాను. ఇప్పుడు సంచులు షెడ్డు ముందు పోయడం లేదు, ఆవిడ చేతికే ఇస్తున్నాం. క్యాబేజీ ఆకులు మా మేడ మీద ఎరువు డ్రమ్ములోకి పోతున్నాయి. నిన్న పిన్నిగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఆ గన్నవరం పిల్లని అడుగు, పొట్లకాయ సంగతేమిటో" అన్నారు. పిల్లకి పరీక్షలట, అయ్యాక అడగాలి. అప్పటిదాకా పొట్లకాయ డ్రమ్ములోకే.