ముసలి తాళ్ల కింద, హాలియాలో

మిర్యాలగూడ నుంచి నిడమనూరు మీదుగా హాలియా వస్తుంటే దారి పొడుగునా వరి పొలాలే. రైసు మిల్లులు వెనకబడ్డాక పొలం గట్ల మీద తాటిచెట్లు కనిపించడం మొదలవుతుంది. ఈ పచ్చదనం సాగర్ ఎడమ కాలువ పుణ్యం. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది రాయి వేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఈ గట్ల మీది ముసలి తాళ్లు చాలా వరకు అంతకు ముందటివి. ఎవరూ పనిగట్టుకుని నాటనివి, నీళ్లు పోయనివి. మడులే తర్వాత వచ్చి వాటి చుట్టూ చేరాయి.

నేను వెళ్లింది మార్చిలో, పొద్దు పొడవకముందే. చెట్టు కల్లు తాగాలంటే అదే వేళ. సాయంత్రం కట్టిన లొట్టి తెల్లవారి దిగుతుంది. లొట్టిలో పడిన క్షణం నుంచీ కల్లు మారుతూనే ఉంటుంది. తాటి నీరు తీయటిది. అందులో ఉన్న చక్కెరను లొట్టి గోడలకు అంటుకుని ఉన్న నిన్నటి ఈస్టు పట్టుకుంటుంది. అందుకే కిందికి దిగేసరికే నురగ కట్టి ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి మత్తు పెరుగుతుంది, మధ్యాహ్నానికి పులుపు తేలుతుంది, మర్నాటికి సిర్కా దారి పడుతుంది. పులియకుండా నీరాగానే ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, లేదంటే చెట్టు మీదున్నప్పుడే చల్లగా ఉంచాలి.

కల్లు పోసే మండువలో తాటాకు రేకతో ఒక గుక్క తాగాను. మొదట తీపి, వెనకనే సన్నటి వగరు, చివర నాలుక మీద చిన్న చురుకు. పక్కన కూర్చున్న పెద్దమనిషి, "ఇది పోద్దాటిది సారూ, ఎండలు ముదిరినంక పండుతాటిది రావాలె, అది వేరే రుచి" అన్నాడు. పోద్దాడంటే మగ చెట్టు, పండుతాడంటే ముంజలు కాసే ఆడ చెట్టు. ఆడ చెట్టు గెలను గీస్తే ఆ గెలకు ముంజలుండవు, ముంజలు కావాలంటే కల్లు వదులుకోవాలి. ఏ చెట్టును దేనికి ఉంచాలో గీసేవాడే చూసుకుంటాడు.

గీత పనిని కింద నిలబడి చూశాను. నడుముకు మోకు, కాళ్లకు గుజి, వీపున కత్తులు పెట్టుకునే ముస్తాదు. పైకి చేరాక గెలను కట్టి, నొక్కి, కొసను కత్తితో పల్చగా చెక్కుతాడు. చెక్కు మందమైతే గెల తొందరగా అయిపోతుంది, మరీ పల్చనైతే నీరు సరిగా రాదు. ఈ పని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్కపూట మానితే కోత ఎండి చెట్టు బిగుస్తుంది. కల్లు రుచిలో సగం ఆ కత్తి పట్టిన చేతిదే.

ఈ ప్రయాణానికి ముందు దక్షిణ ఇటలీలోని పూల్యా గురించి చదివాను. అక్కడ మాండూరియా దగ్గర ప్రిమిటీవో అనే నల్లద్రాక్షను ఆల్బరెల్లో పద్ధతిలో, తీగలకు పందిరి లేకుండా పొదల్లాగా పెంచుతారు. ముసలి తీగలు కొద్ది గుత్తులే కాస్తాయి. ఆ కొద్ది గుత్తుల్లో చిక్కదనం ఎక్కువని ఆ ఎర్ర వైన్‌కు పేరు. 1974లో దానికి ఇటలీ ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. అయినా 1980ల చివరి నుంచి యూరప్‌లో వైన్ మిగులును తగ్గించడానికి తోటలు పీకేసిన వాళ్లకు డబ్బిచ్చారు. తక్కువ కాసే ముసలి తీగలే ముందు పోయాయి. మిగిలిన వాటిని కాపాడుకున్న రైతులకు ఇప్పుడు మంచి ధర వస్తోంది.

హాలియాలో తాళ్లను చూస్తూ ఆ సంగతే తలుచుకున్నాను. తేడా ఒకటుంది. ద్రాక్ష పొద ముసలిదైనా నడుము ఎత్తునే ఉంటుంది, రైతు వంగితే చాలు. తాడు ముసలిదయ్యేకొద్దీ మనిషికి దూరమవుతుంది. ముప్పై మీటర్ల దాకా ఎదిగే చెట్టు అది, నూరేళ్లు దాటి బతకగలదు. గీసేవాడి మోకాళ్లకు మాత్రం అంత ఆయుష్షు లేదు. బాగా ఎత్తయిన చెట్లు ఇక్కడ గీయకుండానే వదిలేస్తున్నారు. ఎక్కేవాళ్లు లేని చెట్టు గట్టు మీద అడ్డంగా కనిపిస్తుంది, తర్వాత గొడ్డలి పడుతుంది.

జారి పడి చనిపోయిన, మంచాన పడ్డ గీత కార్మికుల ఇళ్లు నల్లగొండ పల్లెల్లో ఎన్నో. ఆ భయం తగ్గించడానికి 2024 జూలై 14న లష్కర్‌గూడలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కాటమయ్య కల్లు గీసే గౌడుల ఇలవేల్పు. కాలు జారినా మనిషి కింద పడకుండా చెట్టుకు వేలాడేలా ఉంచే మోకుల కట్టు ఈ కిట్. మండువలో ఉన్న గౌడన్నను అడిగితే, "భయం తక్కువైతది, గని ఎక్కుడు మాత్రం మనమే ఎక్కాలె" అన్నాడు.

ఇంకో దెబ్బ పట్నం నుంచి. చెట్ల లెక్కకు మించి కల్లు కావాల్సి వచ్చిన చోట క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన మందు కల్లు దిగుతుంది. దానికి అలవాటు పడ్డవాడికి మానేస్తే చేతులు వణుకుతాయి, మతి తప్పుతుంది. అచ్చమైన కల్లు పేరును కూడా అదే చెడగొట్టింది. రుచి తెలిసినవాళ్లు తగ్గేకొద్దీ ఆ వ్యాపారానికి సులువు.

మీరు వెళితే ఎండాకాలం పొద్దున్నే వెళ్లండి. ఏ చెట్టుదో, ఎప్పుడు దించిందో అడగండి. సరిగా జవాబు చెప్పేవాడి దగ్గరే తాగండి. సీసాలో పట్టుకుని హైదరాబాద్ తీసుకురావాలని చూడకండి. మూత బిగిస్తే సీసా ఉబ్బుతుంది, చేరేసరికి రుచి మారిపోతుంది. అడిగిన ధర ఎక్కువనిపిస్తే ఒకసారి తలెత్తి చెట్టు కొస దాకా చూసి, ఆ తర్వాత బేరమాడండి.