రంధ్రాన్వేషణ

పాత బండిని మళ్లీ రోడ్డెక్కించాలన్న కోరిక పుట్టగానే చాలామంది చేసే మొదటి పని కార్బొరేటర్ కిట్ కొనడం. సికింద్రాబాదు రాణిగంజ్‌లోనో, బెజవాడ ఆటోనగర్‌లోనో అడిగితే చిన్న ప్లాస్టిక్ కవరు చేతిలో పెడతారు. అందులో కొత్త జెట్లు, ఫ్లోట్ నీడిల్, రబ్బరు రింగులు, గాస్కెట్ ఉంటాయి. ఆ కవరు జేబులో పడగానే సగం పని అయిపోయినంత తృప్తి. నిజానికి అప్పటికింకా పని మొదలే కాలేదు. మురికి కార్బొరేటర్‌కు కొత్త జెట్టు బిగించడమంటే స్నానం చేయకుండా కొత్త బట్టలు కట్టుకోవడమే.

నా చేతికొచ్చిన కార్బొరేటర్ యమహా ఆర్‌ఎక్స్ 100ది. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారై, ఆగిపోయి ఇన్నేళ్లయినా కుర్రాళ్లు వెతుక్కుని మరీ కొనే టూ స్ట్రోక్ బండి అది. దాని మికుని కార్బొరేటర్ గుప్పిట్లో ఇమిడిపోతుంది. అందులో కదిలేవి నాలుగైదే: పైకీ కిందికీ జారే స్లయిడ్, దానికి వేలాడే సూది, పెట్రోలు మీద తేలే ఫ్లోట్, దాని నీడిల్, చోక్. మిగతా పనంతా చేసేది రంధ్రాలే. ఇంజను గాలిని లాగుతుంది. ఇరుకైన గొంతులో గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి అడుగునున్న గిన్నెలోంచి పెట్రోలు పైకి లేచి తుంపరై గాలిలో కలుస్తుంది. బెర్నూలీ 1738లో పుస్తకంలో చెప్పిన సూత్రం ఇదే. 1893లో విల్‌హెల్మ్ మేబాక్ దాన్ని తుంపర కార్బొరేటర్‌గా ఇంజనుకు తగిలించాడు.

లెక్క ప్రకారం ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి. ఈ కొలతను ఏ కంప్యూటరూ లేకుండా, ఒట్టి బొక్కల సైజుతో నిలబెట్టిన వస్తువును కడుగుతున్నామని గుర్తుంటే చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి.

ముందు పైభాగం. కిరసనాయిలూ పాత టూత్‌బ్రష్షూ పట్టుకుని బయట పేరుకున్న గ్రీజునూ మట్టినీ వదిలించాలి. ఆ పని చేయకుండా విప్పితే బయటి మన్నంతా లోపలికి రాలుతుంది. తర్వాత స్క్రూలు. జపాన్ స్క్రూల తల మన స్టార్ స్క్రూలలాగే కనిపిస్తుంది గానీ గాడి కొలత వేరు. మామూలు స్క్రూడ్రైవర్ జారి తల అరిగిపోయిందా, ఇక లేత్ షాపుకు పోవాల్సిందే. సరైన డ్రైవర్ పెట్టి, పైనుంచి సుత్తితో చిన్న దెబ్బ వేసి, అప్పుడు తిప్పాలి. ఎయిర్ స్క్రూను విప్పేముందు లోపలికి మెల్లగా తిప్పుతూ, పూర్తిగా ఆనేదాకా ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోవాలి. సూదికున్న గాళ్లలో క్లిప్పు ఎక్కడుందో ఫోనుతో ఫొటో తీసుకోవాలి.

ఇప్పుడు గిన్నె విప్పుదాం. ఇక్కడే చాలామంది తొందరపడి క్లీనర్ స్ప్రే డబ్బా అందుకుంటారు. ఆగాలి. ఆ మురికిలో బండి కథంతా ఉంటుంది. కడిగేస్తే సాక్ష్యం పోతుంది. అడుగున ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు లోపల తుప్పు పట్టిందని అర్థం, దాని సంగతి తేల్చకుండా కార్బొరేటర్ ఎంత కడిగినా దండగే. నల్లటి నలుసులుంటే పెట్రోలు పైపు లోపల్లోపల చివికిపోతోంది. తెల్లటి పొడి కనిపిస్తే తేమ లోహాన్ని తింటోంది. మన బంకుల్లో పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, ఆ కాలపు రబ్బరుకు అది పడదు. ఇక గోధుమరంగు జిగురు ఉందంటే బండి చాలాకాలం కదలకుండా నిలబడిందన్నమాట. పెట్రోలులోని తేలికభాగం ఆవిరైపోయి, మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడి, చివరికి వార్నిష్‌లా గట్టిపడుతుంది. వాసన కూడా పెట్రోలుది కాదు, పులిసిన వాసన.

చూశాక విడదీయాలి. రబ్బరన్నది ఒక్క ముక్క కూడా లోపల ఉండకూడదు. క్లీనర్ తగిలితే ఓ-రింగులు ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోవు. ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. లోపల గలగలమంటే అది కారి పెట్రోలు తాగిందన్నమాట. బరువెక్కిన ఫ్లోట్ తేలదు, నీడిల్‌ను మూయదు, ఓవర్‌ఫ్లో ఆగదు.

ఇక అసలు పని జెట్లది, అంటే పెట్రోలును కొలిచి వదిలే ఇత్తడి ముక్కలది. ఐడిలింగ్‌కు పెట్రోలునిచ్చే పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. 0.4 మిల్లీమీటర్ల రంధ్రం అనుకుందాం. దాని గోడకు 0.05 మిల్లీమీటర్ల జిగురు పొర పట్టిందనుకుందాం. అది వెంట్రుక మందం కూడా కాదు. రెండు వైపులా కలిపి రంధ్రం 0.3కు తగ్గుతుంది. వైశాల్యం మాత్రం పదహారులో తొమ్మిది వంతులే మిగులుతుంది, అంటే 44 శాతం పోయింది. చూడ్డానికి రంధ్రం తెరిచే ఉంటుంది, అవతలి వెలుతురూ కనిపిస్తుంది. బండి మాత్రం ఐడిలింగ్‌లో నిలబడదు. ‘జెట్టు క్లియరే సార్’ అనే మాటను సగమే నమ్మాలి.

మూసుకుందని సూదితోనో స్టీలు తీగతోనో పొడిస్తే ఇంకో ప్రమాదం. ఇత్తడి మెత్తనిది, స్టీలు గీసుకుంటుంది. జెట్టు మీద చెక్కిన అంకె ఆ రంధ్రానికి పుట్టుకతో వచ్చిన కొలత. గీత పడ్డాక అంకె అలాగే ఉంటుంది, కొలత మారిపోతుంది. రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. చిన్నదిగా మిగిలితే పెట్రోలు చాలక మంట వేడెక్కుతుంది, టూ స్ట్రోక్‌లో అయితే పిస్టన్ పట్టేసే దాకా పోతుంది. అందుకే ముందు నానబెట్టాలి, ఒక రాత్రంతా అయినా సరే. అప్పటికీ కదలకపోతే కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి మెల్లగా తోయాలి.

బాడీలో కనపడని దారులు కూడా ఉంటాయి. ఒక చోట స్ప్రే కొడితే ఎక్కడినుంచి బయటికొస్తోందో చూడాలి. ప్రతి రంధ్రానికీ ఒక తోడు ఉంటుంది. ఆ తోడు దొరికేదాకా వదలకూడదు. స్లయిడ్ అంచు కింద దాక్కున్న చిన్న రంధ్రాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. కళ్లద్దాలు పెట్టుకుని కొట్టాలి, ఎందుకంటే ఆ తోడు రంధ్రం తరచుగా మన మొహం వైపే ఉంటుంది. దగ్గర్లో బీడీ, దీపం ఏదీ ఉండకూడదు. చివరగా పంక్చరు షాపులో గాలి కొట్టించుకుంటే దారులన్నీ ఆరిపోతాయి. కొందరు మెకానిక్కుల దగ్గర ఇప్పుడు అల్ట్రాసోనిక్ తొట్టెలున్నాయి. ద్రవంలో పుట్టి పగిలే సూక్ష్మమైన బుడగలు చెయ్యి చేరని మూలల్ని తోమిపెడతాయి. అయినా తీశాక ప్రతి దారినీ ఊది చూడడం తప్పదు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అక్కడ కొలత కంప్యూటరుది. పాత బండిలో కొలత రంధ్రానిది, దాన్ని కాపాడే బాధ్యత కడిగే చేతిది.

బిల్లు దగ్గర మాత్రం ఈ చేతికి అన్యాయం జరుగుతుంది. ‘ఏం మార్చావన్నా?’ అని అడుగుతాడు బండి ఓనరు. ‘ఏమీ మార్చలేదు సార్, కడిగాను’ అంటే మొహం ముడుచుకుంటుంది. కిట్ వేశానంటే మారుమాట్లాడకుండా డబ్బు తీసేవాడే కడిగినందుకు బేరమాడతాడు. పాపం, మెకానిక్ కూడా అందుకే అవసరం లేకపోయినా కిట్ వేసేస్తాడు. గట్టిపడిన రబ్బరూ అరిగిన నీడిలూ మార్చాల్సిందే, సందేహం లేదు. కానీ గీత పడని కంపెనీ జెట్టును కడిగి మళ్లీ బిగించే మెకానిక్ దొరికితే, కూలి అడిగినంత ఇవ్వండి. అతను బండికి కొత్తగా ఏమీ చేర్చలేదు, ఉన్నదాంట్లో వెంట్రుకవాసి కూడా పోగొట్టలేదు. ఆ పనికి విలువ కట్టడం రాకనే మనం కవరు కొనుక్కుని సంతోషపడుతున్నాం.