అడగని ఉపకారం

బ్యాంకు రీజినల్ ఆఫీసులో హెచ్‌ఆర్ చూసిన రోజుల్లో, ఆడవాళ్ల పాలిట దేవుడినని నాకు పేరు. ఎవరికి చంటిపిల్లలున్నారో, ఎవరి అత్తగారు మంచాన పడ్డారో అన్నీ నోటికొచ్చు. ట్రాన్స్‌ఫర్లప్పుడు రూరల్ లిస్టులోంచి వాళ్ల పేర్లు నేనే కొట్టేసేవాణ్ని. లోన్ల సీటు ఇస్తే రికవరీకి ఊళ్లు తిరగాలని డిపాజిట్లలో కూర్చోబెట్టేవాణ్ని. ఎవర్నీ అడిగి చేయలేదు. నాకూ కూతుళ్లున్నారు, ఇంకా అడగడమెందుకు అనుకున్నాను.

బ్యాంకులో పైకెళ్లేకొద్దీ చూసేది బ్రాంచి నడిపావా, రూరల్‌లో చేశావా, అడ్వాన్సులు ఎంత పెంచావు అనే. డిపాజిట్లు ఎంత చక్కగా చూసినా అక్కడ మార్కులు రాలవు. ప్రమోషన్ ఫైళ్లు కదిపే నాకు ఇది తెలియదా? తెలుసు. 2000లో రంజనా కుమార్ నష్టాల్లో ఉన్న ఇండియన్ బ్యాంకు పగ్గాలు పట్టినప్పుడు, సత్తా ఉన్న ఆడవాళ్లని ఎవరూ ఆపలేరని క్యాంటీన్లో ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆపుతున్నవాళ్లలో నేనొకణ్నని తట్టలేదు.

ఒక సీనియర్ మేనేజరు వచ్చి నిలబడేదాకా.

"రూరల్ సర్వీసు లేదని చీఫ్ మేనేజర్ ఇంటర్వ్యూకి పిలవలేదు సార్. అప్పట్లో నా పేరు కొట్టేసింది మీరేనట."

"పాప చిన్నది కదమ్మా అని..."

"మా అమ్మ వచ్చి ఉంటానంది సార్. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని."

ఆమె బ్యాచ్‌లో, వెళ్లక చస్తారా అని నేను పల్లెలకు తోసిన మగపిల్లలు అప్పటికే చీఫ్ మేనేజర్లు. వాళ్లకీ చంటిపిల్లలుండేవారు. వాళ్లనీ అడగలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత లిస్టు వేసేముందు ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఏ బ్రాంచికి వెళ్తే రూరల్ సర్వీసు లెక్కకొస్తుందో, బస్సు ఎన్నింటికుందో చెప్పి ఊరుకునేవాణ్ని. కొందరు వద్దన్నారు. ఒకావిడ "బాబు బళ్లో చేరాక అడగండి" అంటే డైరీలో రాసుకుని అప్పుడే అడిగాను, వెళ్లింది. చట్టమూ కొంత కలిసొచ్చింది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, మంచిదే. కానీ అదే చట్టం 50 మంది ఉన్నచోటే శిశుసంరక్షణ కేంద్రం పెట్టాలంది. నలుగురైదుగురుండే పల్లె బ్రాంచికి అది ఏ మూలకు? అక్కడ అద్దె ఇల్లు చూసిపెట్టే మేనేజరు, సాయంత్రం ఆరింటికి మీటింగు పెట్టని పైవాడు ఉంటే సగం పని అయినట్టే.

ఆ సీనియర్ మేనేజరు తనే అడిగి రూరల్‌కి వెళ్లింది. చీఫ్ మేనేజరూ అయింది. అప్పటికి ఆమె బ్యాచ్ మగవాళ్లు ఆ పైమెట్టు ఏజీఎం ఇంటర్వ్యూలకు చదువుకుంటున్నారు.